పదమూడో ఎక్కం

(జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాల సందర్భంగా జరిగిన ఒక సభలో విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు నుంచి ఎత్తి రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు. ఆమె కోరిక మేరకు ఎవరి పేర్లూ ఇవ్వలేదు.)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలకి, కాలేజీ పిల్లలకి, పోలీసువారికి, అన్నిటికంటే ముందు ఆ కుడివైపు వరుసలో నీలం యూనిఫాంలో కూర్చున్న 108 వాళ్ళకి నమస్కారం. మీరు వెనక్కి జరిగి కూర్చున్నారు. దయచేసి ముందుకి రండి బాబూ. ఈ రోజు నేను మాట్లాడేది మీతోనే. మిగతావాళ్ళు పక్కన కూర్చుని వింటారు.

నన్ను రోడ్డు భద్రత మీద మాట్లాడమన్నారు. హెల్మెట్, సీటు బెల్టు, స్పీడు, వీటి గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడున్నారు. నేను ఒక ఉదయం గురించి చెబుతాను. ఆ ఉదయం సగం నేను చూశాను, సగం చూడలేదు. చూడని సగం ఇక్కడ కూర్చున్న కొందరు చూశారు. వాళ్ళు చూడని సగం నా దగ్గరుంది. ఆ రెండూ కలుపుదామనే వచ్చాను.

పోయిన ఏడాది కాదు, ఆ ముందటి ఏడాది నవంబరు. మావారు లెక్కల మాస్టారు, రిటైరయ్యారు. కోదాడలో ఆయన పాత స్టూడెంటు ఒకతను ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి హైదరాబాదులో బయల్దేరారు. దారిలో తింటారని పులిహోర కలిపి స్టీలు డబ్బాలో పెట్టిచ్చాను. పొద్దున ఆరు దాటాక, నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు వెళ్తుండగా ముందు టైరు పేలింది. కారు రోడ్డు దిగిపోయి ఒక వేపచెట్టుకి కొట్టుకుంది. బెల్టు పెట్టుకున్నారు కాబట్టి మనిషి సీట్లోనే ఉన్నారు. కుడి తొడ ఎముక విరిగి, కాలు కింద ఇరుక్కుపోయింది. చేతిలో, మోచేతి కింద, అద్దం ముక్క దిగింది.

అది పత్తి ఏరే కాలం. మీకు తెలుసు, నవంబరులో తెల్లారకముందే ఆటోల నిండా ఆడవాళ్ళు చేలకి పోతుంటారు. మొదట ఆగింది అలాంటి ఆటోనే. పదకొండు మంది దిగారట. అందరూ కలిసి తలుపు లాగబోతే ఆటో నడిపే అబ్బాయి వద్దన్నాడు. అప్పటికే 108 కి ఫోన్ కలిపాడు, అవతలి నుంచి వాళ్ళు చెబుతున్నారు, మనిషిని లాగొద్దు, తల కదపొద్దు, నీళ్ళు తాగించొద్దు అని. ఈ మూడూ మనం సరిగ్గా తిరగేసి చేసేవే కదా? ఎక్కడైనా యాక్సిడెంటు అయితే మన చెయ్యి ముందు నీళ్ళ సీసా కోసం వెతుకుతుంది. దాహమని అడిగితే పొయ్యకుండా ఎలా ఉంటాం అనిపిస్తుంది. కానీ ఆపరేషన్ అవసరం పడొచ్చు, స్పృహ తప్పితే తాగింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆ అబ్బాయి ఫోన్ స్పీకర్లో పెట్టి అందరికీ వినిపించాడు.

ఒకామె తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, మడతపెట్టి, పగిలిన కిటికీలోంచి చెయ్యి పెట్టి మావారి ముంజేతి మీద అదిమిపట్టింది. అదిమిన చెయ్యి తీయలేదు. మధ్యలో రక్తం ఆగిందా అని ఎత్తి చూడలేదు. "కండ్లు మూయకు సారూ, ఏం గాదు, బండి వస్తున్నది" అంటూనే ఉందట. ఇరవై నిమిషాలు. మీరొకసారి ఇంటికెళ్ళి ఇరవై నిమిషాలు ఒక చెయ్యి చాచి, ఒకే చోట బలంగా అదిమి పట్టుకుని చూడండి, తెలుస్తుంది. ఇంకో మాట. పత్తి ఏరితే కూలి కిలోల లెక్క. ఎంత ఏరితే అంత. ఆ రోజు ఆలస్యంగా చేలో దిగిన ఆ పదకొండు మందికీ ఎన్ని కిలోలు తగ్గిందో నేను లెక్కకట్టలేదు. మావారు కట్టారు. ఆయనకి లెక్కలంటే ప్రాణం.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఎందుకు వెళ్ళాలంటే, ఇదంతా మామూలే కదా, మనిషి పడితే మనిషి ఆగడూ అని పిల్లలు అనుకోవచ్చు. ఆగేవాళ్ళు కాదు అమ్మా. 1994లో మా అన్నయ్య స్కూటరు మీద వస్తుంటే లారీ తగిలింది. ఊరి పేరు చెప్పను. సాయంత్రం, జనం ఉన్నారు. చుట్టూ నిలబడ్డారు. ఎవరూ ముట్టుకోలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళా? కాదు. ముట్టుకుంటే పోలీసు కేసవుతుంది, సాక్ష్యానికి తిప్పుతారు, నువ్వే గుద్దావంటారు. ఆ భయం. చివరికి ఒక ట్రాక్టరు ట్రక్కులో వేసి తీసుకెళ్తే, మొదటి ఆస్పత్రిలో ఇది పోలీసు కేసు, కాగితం లేకుండా చేర్చుకోం అన్నారు. రెండోదానికి వెళ్ళేలోపల అయిపోయింది.

నేను చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. ముందు ప్రాణం కాపాడండి, కాగితాలు తర్వాత చూసుకోండి, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా మొదటి బాధ్యత వైద్యమే అని సుప్రీంకోర్టు పరమానంద కటారా కేసులో చెప్పింది. ఎప్పుడు? 1989లో. మా అన్నయ్య పోవడానికి ఐదేళ్ళ ముందు. తీర్పు ఢిల్లీలో ఉంది, మా అన్నయ్య ట్రక్కులో ఉన్నాడు. ఆ రెండిటి మధ్య దూరం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. క్షమించండి. ఒక్క నిమిషం.

ఆ రోజుల్లో మనకి ఫోన్ చేయడానికి నంబరు కూడా లేదు. 108 హైదరాబాదులో మొదలైంది 2005 ఆగస్టు 15న. అంటే ఇక్కడున్న కాలేజీ పిల్లలు పుట్టిన కాలం. మీకు అది ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుంది. మాకు అలా కాదు. ఆ సైరన్ మొదటిసారి మా వీధిలో వినపడిన రోజు నేను బయటికొచ్చి, అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

సరే, వేపచెట్టు దగ్గరికి వద్దాం. ముందు హైవే పెట్రోలింగ్ వాళ్ళు వచ్చారు. ఆటో అబ్బాయికి అదే పాత భయం. కానిస్టేబుల్‌ని అడిగాడట, "సార్, నా పేరు రాస్తరా?" అని. ఆయన ఏమన్నారో తెలుసా? "నీకిష్టమైతే చెప్పు తమ్ముడూ, లేకపోతే లేదు. నువ్వు చేసింది మంచి పని." అంతే. 2016 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పిందీ, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ పెట్టి రాసిందీ అదే కదా. సాయం చేసినవాడి మీద కేసులుండవు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 1989 తీర్పు మా అన్నయ్య దాకా రాలేదు. ఈ చట్టం మాత్రం ఒక కానిస్టేబుల్ నోట్లోంచి, రోడ్డు మీద, ఆటో అబ్బాయి దాకా వచ్చింది. ఆ కానిస్టేబుల్‌గారు ఇక్కడే ఉన్నారు. సార్, మీకు ఆ మాట గుర్తుందో లేదో. ఆ అబ్బాయికి గుర్తుంది. నాకు అతనే చెప్పాడు.

ఆరు ముప్పై ఒకటికి 108 వచ్చింది. పైలట్ ఒకరు, ఈఎంటీ ఒకరు. బయటివాళ్ళకి తెలియదేమో, 108 లో బండి నడిపేవారిని పైలట్ అంటారు, వైద్యం చేసేవారు ఈఎంటీ. ఈఎంటీ అబ్బాయి ముందు వెనక సీట్లోకి దూరి, వెనకనుంచి మావారి తల రెండు చేతుల్తో కదలకుండా పట్టుకుని, ఆటో అబ్బాయికి ఎలా పట్టుకోవాలో చూపించి, అప్పుడు మెడకి కాలర్ వేశాడు. ఆ తర్వాతే తలుపు జోలికి వెళ్ళనిచ్చాడు. ఆగిన లారీ డ్రైవరు ఒకాయన గడ్డపార తెచ్చాడు. తలుపు వంచి, కాలు మెల్లగా విడిపించి, చెక్క బద్ద వేసి కట్టి, బోర్డు మీదకి జరిపారు. చెయ్యి అదిమిపట్టిన ఆమెతో "అమ్మా, మీరు తీయకుండా పట్టుకున్నారు చూడండి, అదే మంచిదైంది. ఇంక నేను చూసుకుంటా" అన్నాడట. ఆమె ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ నవ్వింది.

మావారిని అడిగాను, ఆ రోజు మీకేం గుర్తుంది అని. నొప్పి పెద్దగా గుర్తులేదన్నారు. "ఆ అబ్బాయి ప్రతిదీ చెప్పి చేశాడు" అన్నారు. సార్, ఇప్పుడు ప్యాంటు కత్తిరిస్తున్నా, ఏమనుకోకండి. సార్, ఇప్పుడు కాలు కదుపుతా, గట్టిగా నొప్పెడుతుంది, అరవండి, పర్వాలేదు. సార్, ఇది సూది. అరవై మూడేళ్ళ మనిషి, ముప్పై ఐదేళ్ళు క్లాసులో నిలబడి పాఠం చెప్పిన మనిషి, రోడ్డు పక్కన పదిమంది ముందు బట్టలు కత్తిరించుకుని పడి ఉన్నారు. ఆ ఇరవై ఆరేళ్ళ కుర్రాడు మీదకి ఒక దుప్పటి కప్పి, అప్పుడు కత్తెర తీశాడు. ఆ దుప్పటి ఎముకకి చేసే వైద్యమేం కాదు. దాని అవసరం ఎంతో ఆయనకే తెలుసు.

ఇక నా సగం. ఆరు యాభైకి నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. అలాంటి ఫోన్లు మనకి ఎలా వస్తాయి? "ఏం లేదు, కొంచెం సీరియస్, వెంటనే బయల్దేరి రండి." 1994లో మా పక్కింటి ఫోన్‌కి వచ్చింది అదే మాట. ఏం లేదు అంటారు, సీరియస్ అంటారు. ఆ రెండు ముక్కల మధ్య మనిషి చచ్చి బతుకుతాడు.

ఈ ఫోన్ అలా రాలేదు. "అమ్మా, నేను 108 నుంచి మాట్లాడుతున్నా. ముందు సార్ గొంతు వినండి. తర్వాత నేను చెప్తా" అన్నాడు. నాకు వినపడింది ఏమిటో చెప్పనా? సైరన్. దాని మధ్యలో మావారి గొంతు. "పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది. పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి."

ఏం చేసేవారు సార్ అని అడిగితే లెక్కల మాస్టారినన్నారట. అయితే పదమూడో ఎక్కం చెప్పండి సార్, నాకు ఎప్పుడూ రాలేదు అన్నాడట ఆ అబ్బాయి. అది కబుర్లు కాదు. స్పృహ ఎలా ఉందో చూసుకోవడం. మాట తప్పినా, మెల్లబడినా, తలకి దెబ్బ ఉందేమో, లోపల రక్తం పోతోందేమో అని వాళ్ళకి తెలుస్తుంది. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క కనపడకుండానే లోపల లీటరుకి పైగా రక్తం పోవచ్చట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ నిమిషంలో నాకు తెలిసింది ఒక్కటే. ఆయన ఉన్నారు. ఎక్కం చెబుతున్నారు.

అప్పుడు ఆ అబ్బాయి మాట్లాడాడు. "అమ్మా, కారు చెట్టుకి తగిలింది. కుడి తొడ విరిగింది. రక్తం పోయింది. స్పృహలో ఉన్నారు, బీపీ కొంచెం తక్కువుంది, సెలైన్ పెట్టాను. సూర్యాపేట తీసుకెళ్తున్నాం. రాసుకోండి. మీరు బండి నడపకండి, ఒంటరిగా రాకండి, ఎవరినైనా తోడు తెచ్చుకోండి." చిన్న దెబ్బేనని అబద్ధం చెప్పలేదు. భయపెట్టనూ లేదు. నేను ఆ రెండు గంటల ప్రయాణంలో ఏడవలేదు. తెలిసిన విషయాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఏమయిందో తెలియని మనిషి పట్టుకోవడానికేం ఉంటుంది?

నేను ఫోన్ పెట్టేశాక పదమూడు ఎనిమిదుల దగ్గర ఆయన ఆగిపోయారట. సార్, చెప్పండి సార్. లేదు. ఆక్సిజన్ పెంచి, పైలట్‌కి చెప్పి, ఆస్పత్రికి ముందే ఫోన్ చేసి రక్తం సిద్ధం పెట్టమన్నాడు. ఏడు దాటి ఐదు నిమిషాలకి చేరారు. దెబ్బ తగిలిన మొదటి గంటని గోల్డెన్ అవర్ అని చట్టంలోనే రాశారు. ఆ గంట నిండడానికి ఇంకా కొన్ని నిమిషాలున్నాయి. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్తుంటే కళ్ళు తెరిచి "నూట నాలుగు" అన్నారని పైలట్ నాకు చెప్పారు.

ఆపరేషన్ తర్వాత హైదరాబాదు మార్చాం. తొడలో రాడ్ వేశారు. నాలుగు నెలలు వాకరు, తర్వాత కర్ర. ఆ నాలుగు నెలలూ ఇంట్లోనే ఉన్నాం కదా, లెక్కలేసుకునేవాళ్ళం. మన దేశంలో ఒక్క 2022లోనే రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. రోజుకి 460 మందికి పైగా. ఆ లెక్కలో ఇంకొక్కటి కలవకుండా ఆగింది. ఆపింది ఎవరు? ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి పళ్ళు పట్టుకెళ్ళి నమస్కారం పెట్టాం. ఆయన పేరు మాకు తెలుసు, బోర్డు మీద ఉంటుంది. మరి ఆ గుడ్డ అదిమిన ఆమె పేరు? ఆ ఎక్కం చెప్పించిన అబ్బాయి పేరు?

ఆయన కర్ర పట్టుకుని నడిచిన వారానికే బయల్దేరాం వెతకడానికి. ఆటో అబ్బాయి దొరికాడు, అతని ద్వారా ఆమె దొరికింది. అడిగి అడిగి ఈఎంటీ నంబరు తీసుకుని ఫోన్ చేశాను. తారీఖు చెప్పాను, వేపచెట్టు చెప్పాను. గుర్తు రాలేదు. ఎలా వస్తుంది? ఆ ఐదారు నెలల్లో ఎంతమందిని ఎత్తి ఉంటాడు? అప్పుడు పదమూడో ఎక్కం అన్నాను.

అవతల మాట లేదు. కాసేపాగి అడిగాడు. "సార్ ఉన్నారా?"

వినండి. అందరూ వినండి. ఆ అబ్బాయికి తెలియదు. ఐదు నెలలపాటు తెలియదు. ఆస్పత్రి తలుపు దగ్గర మనిషిని అప్పగించి, సంతకం పెట్టించుకుని, బండిలో రక్తం కడుక్కుని, ఇంకో కాల్‌కి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఏమైందో వాళ్ళకి ఎవరూ చెప్పరు. బతికాడా? నడిచాడా? ఇంటికెళ్ళాడా? అడిగే తీరిక వాళ్ళకుండదు, చెప్పాలన్న తలపు మనకి రాదు. నేను అడిగాను, బాబూ, ఇలా ఫోన్ చేసి చెప్పినవాళ్ళు ఎంతమంది ఉంటారు నీకు? ఏడేళ్ళ సర్వీసులో ఇది రెండోది అమ్మా అన్నాడు.

రెండోది. నాకు ఆ రోజు సిగ్గేసింది. నా గురించే కాదు, మన అందరి గురించి. కానుపుకి వెళ్తూ 108 లో పుట్టిన బిడ్డలున్నారు, వాళ్ళిప్పుడు హైస్కూల్లో ఉంటారు. పాము కాటు నుంచి లేచినవాళ్ళున్నారు. గుండె ఆగి కొట్టుకున్నవాళ్ళున్నారు. మీ ఇళ్ళల్లో లేరా? చేతులెత్తమని అడగను. ఒక్క ఫోన్ చెయ్యండి. ఒక ఆదివారం వెళ్ళండి. పళ్ళూ వద్దు, శాలువా వద్దు. మనిషిని చూపించండి. ఏవండీ, ఒకసారి లేచి నిలబడతారా? కర్ర అక్కడ పెట్టేసి. ఆయనే. బాబూ, బాగా చూసుకో.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఈ కాగితం. ఆ రోజు ఆస్పత్రి కౌంటర్లో నాకు ఒక సంచీతోపాటు ఇచ్చారు. పైలట్‌గారు రాసింది. గీతల నోట్‌బుక్కులోంచి చింపిన పేజీ, ఇక్కడ మూలన రక్తపు వేలిముద్ర ఉంది. చదువుతాను. "నగదు 11,400. ఉంగరం 1. వాచీ 1, నడుస్తోంది. సెల్‌ఫోన్ 1. కళ్ళజోడు 1, ఎడమ అద్దం లేదు. కారు కాగితాలు ఉన్న కవరు. చెప్పులు, ఒకటే దొరికింది. స్టీలు డబ్బా 1, నిండుగా ఉంది, తెరవలేదు."

తొందరలో, అంత రక్తంలో, డబ్బు జాగ్రత్త చేయడం నిజాయితీ. దానికి దండం పెడతాను. కానీ ఒక ముసలాయన టిఫిన్ డబ్బా కూడా ఎవరో చేసిచ్చినదేనని, ఆమెకి అది అందాలని అనుకున్నారు చూడండి. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నాను. ఆ రోజు నాకు తోడు అదే.

ఈ రోజు అదే డబ్బా తెచ్చాను. దాంతోపాటు ఇంకో రెండు పెద్ద గిన్నెలు కూడా. తెల్లారి మూడింటికి లేచి కలిపాను, పులిహోర అందరికీ సరిపోతుంది. పత్తి ఏరే అక్కలు కూడా వచ్చారు, వెనక వరుసలో ఉన్నారు, వాళ్ళకి ముందు పెట్టండి. 108 తమ్ముళ్ళూ, సభ అయ్యాక వెళ్ళిపోకండి. మధ్యలో కాల్ వస్తే మాత్రం ఆగకండి, నాకు చెప్పక్కర్లేదు, లేచి వెళ్ళిపోండి. మీ వంతు డబ్బాలో సర్ది బండిలో పెట్టించాను. నమస్కారం.